అడిగి నడిచిన దారి

సలోమి టీచరు దగ్గర చదువుకున్న పిల్లలకి లెక్కలు వచ్చినా రాకపోయినా అడగడం మాత్రం వచ్చేది. సుద్దముక్క కావాలన్నా అడగాలి, మంచినీళ్ళకి వెళ్ళాలన్నా అడగాలి. పక్కవాడి రబ్బరు ముట్టుకోవాలంటే వాడిని అడగాలి, అదీ అండి పెట్టి అడగాలి. తొమ్మిదేళ్ళ వాడు తొమ్మిదేళ్ళ వాడిని అండి అనడమేమిటని హెడ్మాస్టరు నవ్వితే, "ఇప్పుడు రాని మర్యాద ముప్పై ఏళ్ళకి ఎక్కణ్ణుంచి వస్తుందండీ?" అనేది. ముప్పై ఒక్క ఏళ్ళు అలా నేర్పి రిటైరయింది. ఎన్ని వందల మందికి నేర్పిందో గానీ, ఆ మర్యాద దెబ్బకి బలయింది మాత్రం ఆవిడొక్కతే.

కొత్తపేటకి నాలుగు కిలోమీటర్ల దూరంలో, రోడ్డుని ఆనుకుని ప్రేమ్ కుమార్ డాబా. దాని వెనక సలోమి పెంకుటిల్లు. రోడ్డు మీదనుంచి ఆ ఇంటికి రావాలంటే డాబా పక్కనున్న ఎనిమిది అడుగుల సందులోంచి రావాలి. కాగితాల ప్రకారం సందు ప్రేమ్ కుమార్‌ది. సలోమి పెళ్ళయి కాపురానికి వచ్చిన నాటినుంచీ నడుస్తున్నది మాత్రం వీళ్ళు. ఇంటికి వెనక వైపు మురుగు నీళ్ళు పారే బోదె ఉంది. దాని మీద అడ్డంగా ఒక కొబ్బరి మొద్దు పడేసి ఉంటుంది, అవతల కాలువ గట్టు. ఆ మొద్దు మీద కోళ్ళు నడుస్తాయి, పిల్లలు పరిగెడతారు, పెద్దవాళ్ళు దేవుణ్ణి తలుచుకుని దాటుతారు.

సందులోకి కాలు పెట్టేముందు సలోమి ఆగేది. వరండాలో ప్రేమ్ కుమార్ కనిపిస్తే, "అన్నయ్యగారూ, వెళ్ళొచ్చాండీ?" అనేది. ఆయన లేకపోతే కిటికీలోంచి ఆయన భార్య శాంతిని అడిగేది. ఎవరూ లేకపోతే ఖాళీ వరండానే అడిగి వెళ్ళేది, నవ్వుకుంటే నవ్వుకోండి. ప్రేమ్ కుమార్ పేపరు మడిచి, కుర్చీలోంచి సగం లేచి, "ఆయ్, వెళ్ళండి చెల్లెమ్మగారూ, అడగాలాండీ?" అనేవాడు. రోజుకి నాలుగైదు సార్లు, ముప్పై మూడేళ్ళు ఇదే వరస.

ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాడు. సలోమి వాళ్ళూ ఆయనా ఒకే చర్చికి వెళ్తారు. ఆయన నోట్లోంచి ఒక్క పరుషమైన మాట విన్నవాళ్ళు ఊళ్ళో లేరు. అరిచేవాడితో ఎలాగోలా వేగొచ్చు. గొంతు పెంచకుండా, ముఖం మీద నవ్వు చెరగకుండా పని కానిచ్చుకునేవాడిని చూసి భయపడాలని సలోమికి ఎవరూ చెప్పలేదు.

సలోమి భర్త ఎబినేజర్ డ్రాయింగు మాస్టారు. షుగరు ఆయన ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసుకుపోయింది, తర్వాత కిడ్నీలు తీసుకుపోయింది. సోమ, బుధ, శుక్రవారాలు అమలాపురం వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. వీరబాబు ఆటో సందులోంచి గుమ్మం దాకా వచ్చేది. వీల్‌చైర్‌లోంచి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టుకుంటే చాలు, గంటలో అమలాపురం. ఆ ఎనిమిది అడుగుల సందు ఉన్నంతకాలం ఎబినేజర్ ఉంటాడు, ఇందులో దాపరికం ఏమీ లేదు.

ఒక శుక్రవారం పొద్దున్న ఆయనకి ఊపిరాడలేదు. ముఖం నల్లబడిపోయింది. సలోమి ఫోన్ చేసింది, వీరబాబు వచ్చాడు, ఇద్దరూ ఎత్తి పడేసుకుని ఆటో దౌడు తీయించారు. వరండాలో ప్రేమ్ కుమార్ పేపరు చదువుకుంటున్నాడు. ఆయన్ని అడగాలని ఎవరికి గుర్తుంటుంది?

ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మొన్న మీరు అడగలేదండి చెల్లెమ్మగారూ."

"ఆయనకి ప్రాణం మీదకొచ్చిందండి అన్నయ్యగారూ. కంగారులో..."

"ఆయ్, తెలుసండి. బావగారి కోసం నేనూ ప్రార్థన చేసేనండి. కానీ అడగలేదు కదండీ. ఇవాళ అడగరు, రేపు మా హక్కంటారు. ఆఫీసులో ఇలాంటివి ఎన్ని చూసేనండీ. అంచేత అక్కడ గేటు పెట్టించుకుని, లోపల కారు షెడ్డు వేసుకుంటానండి. మీకు వెనక దారుంది కదండీ."

అంతటితో ఊరుకోలేదు. టీచరుగారి వాళ్ళు అడక్కుండా దూరిపోతున్నారని చర్చిలో పదిమంది చెవిలో వేశాడు. గేటు మాట విన్నప్పుడు సలోమికి భయం వేసింది. ఈ మాట విన్నప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది. అడక్కుండానా? తనా?

కొత్తపేటలో సత్యానందం అనే వకీలు ఉన్నాడు. పెద్దమనిషే, కాకపోతే ఒక కేసు మాట్లాడుతూ ఇంకో కేసు కట్టలు విప్పే రకం. ఇరవై ఏళ్ళు నడిచిన దారి ఎక్కడికీ పోదమ్మా అని ధైర్యం చెప్పి దావా వేశాడు. కేసు తేలేదాకా సందు మూయకూడదని ఆర్డరు కూడా తెచ్చాడు. రెండేళ్ళు ఆటో తిరిగింది. సలోమి ఆ రెండేళ్ళూ సందు మొదట్లో ఆగి అడుగుతూనే ఉంది. ప్రేమ్ కుమార్ వెళ్ళండి అంటూనే ఉన్నాడు. దావా దావాయే, మర్యాద మర్యాదే.

స్థలం చూసి రమ్మని కోర్టు ఒక కమిషనర్‌ని పంపింది. ఆయన బూట్లు చేత్తో పట్టుకుని, ప్యాంటు పైకి మడిచి, గుమాస్తా భుజం ఆసరాతో కొబ్బరి మొద్దు దాటాడు. దాటి, వెనక వైపు మనుషులు నడవగల దారి కలదు అని రిపోర్టు రాశాడు. దాటేటప్పుడు ఆయన కాళ్ళు వణికిన సంగతి రిపోర్టులో లేదు.

సాక్ష్యానికి ముందు సత్యానందం ఒక అఫిడవిట్ ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. సలోమి టీచరు గదా, ప్రతి అక్షరం చదివింది. ఒకచోట ఆగింది. "ప్రతివాది అనుమతి గాని, మరెవరి అనుమతి గాని లేకుండా, మా హక్కుగా వాడుకొనుచున్నాము" అని ఉంది.

"ఇది అబద్ధమండీ. మేం అడిగే వెళ్ళేవాళ్ళం."

"అది చట్టం భాషమ్మా, మీ మర్యాద సంగతి కాదు. పెట్టండి," అన్నాడు ఫోన్ చూసుకుంటూ. "ఇంకో మాట. బోనులో ప్రతిదానికీ ఆయ్, ఆయ్ అనకండి. అన్నీ ఒప్పుకున్నట్టు రాసేసుకుంటారు."

ఆ వాక్యం అలా ఎందుకుందో రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెబితే ఆయన సొమ్మేం పోయేది? చెప్పలేదు. సలోమి తనకి తానే చాడీ రాసుకున్నట్టు సిగ్గుపడుతూ సంతకం పెట్టింది.

ప్రేమ్ కుమార్ తరఫున అడగడానికి లేచిన వకీలు ఆడపిల్ల. నిఖిత. సలోమి చూడగానే గుర్తుపట్టింది. మూడో తరగతి, మొదటి బెంచీ, రెండు జడలు. ఎక్కడున్నదీ మరిచిపోయి సంబరపడింది.

"మేడమ్‌గారూ, బాగున్నారాండీ?"

"బాగున్నానమ్మా. ఎంత ఎదిగిపోయేవు!"

జడ్జిగారు దగ్గారు. నిఖిత అఫిడవిట్ తీసి, ఎవరి అనుమతీ లేకుండా అన్న వాక్యం పైకి చదివింది.

"ఈ సంతకం మీదేనాండీ?"

"నాదే."

"అంటే ముప్పై మూడేళ్ళు పరాయివాళ్ళ స్థలంలోకి అడక్కుండా దూరేరన్నమాట."

సలోమి ఆ సంతకం వంకే చూసింది.

"మూడో తరగతిలో సుద్దముక్క అడక్కుండా తీసేనని మీరు నన్ను బెంచీ ఎక్కించేరండి. గుర్తుందాండీ?"

"గుర్తుందమ్మా."

"మాకు ఒకటి నేర్పి, మీరు ఇంటి దగ్గర చేసింది ఇంకొకటన్నమాట. మా క్లయింటు వరండాలో కూర్చునుండగానే, మనిషున్నాడని కూడా చూడకుండా తోసుకుంటూ వెళ్ళిపోయేవారు. ముప్పై మూడేళ్ళలో ఒక్కసారి కూడా అడిగిన పాపాన పోలేదు. అవునాండీ?"

అక్కడ ఒక్క ఆయ్ అంటే చాలు, దావా గెలిచినట్టే. సత్యానందం కుర్చీ అంచు మీదకి జరిగి, అనమ్మా, అనెయ్యమ్మా అని కళ్ళతోనే బతిమాలుకున్నాడు. పాలవాడికీ ఆయ్, కరెంటు బిల్లు తెచ్చినవాడికీ ఆయ్, ఖాళీ వరండాకి కూడా ఆయ్ అనే మనిషి. అనాల్సిన చోట ఆవిడ అనలేదు. వెనక బెంచీల్లో చర్చివాళ్ళు ఉన్నారు. బెంచి క్లర్కు కూడా తన దగ్గర చదివినవాడే. రెండేళ్ళుగా మోస్తున్న నింద దులుపుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఏముంటుందనిపించింది.

"కాదు," అంది సలోమి, క్లాసులో మాట్లాడినట్టు. "ఒక్క శుక్రవారం తప్ప, అడక్కుండా ఆ సందులో కాలు పెట్టలేదు. ప్రతిసారీ అడిగి, వాళ్ళు సరేనన్నాకే వెళ్ళేవాళ్ళం. కావాలంటే అన్నయ్యగార్నే అడగండి."

"వాళ్ళు వద్దంటేనండీ?"

"వద్దంటే ఎలా వెళ్తామమ్మా? వాళ్ళ స్థలం కదా."

"చాలండి," అని నిఖిత కూర్చుంది. బెంచీల్లో కూర్చున్న ప్రేమ్ కుమార్ అవునన్నట్టు తలూపాడు, ఎంతో గౌరవంగా.

బయటికొచ్చాక సత్యానందం తల పట్టుకున్నాడు. అడక్కుండా నడిస్తేనే అది హక్కవుతుందనీ, అడిగి నడిస్తే ఇరవై ఏళ్ళయినా ఇరవై తరాలైనా అది అవతలివాడి దయే తప్ప హక్కు కాదనీ అప్పుడు చెప్పాడు.

"మర్యాద లేనివాళ్ళకే హక్కు ఉంటుందాండీ?" అంది సలోమి.

ఆయన కేసు కట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఇంతలో నిఖిత వచ్చి వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. "ఏమీ అనుకోకండి మేడమ్. నేను సొంతంగా చేసిన మొదటి క్రాస్ ఎగ్జామినేషనండి ఇది. దీవించండి," అంది. నోటికి అలవాటైన మాట ఆగదు కదా, "పైకి రావాలమ్మా," అంది సలోమి. అని, చెట్టు నీడకి వెళ్ళి కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంది.

తీర్పు మూడు నెలలకి వచ్చింది. అడిగే వెళ్ళేవారమని వాది తన నోటితోనే ఒప్పుకుంది గనక హక్కు లేదు. వేరే గతి లేదనడానికీ వీల్లేదు, వెనక వైపు దారి ఉంది. అసౌకర్యం వేరు, దారి లేకపోవడం వేరు. దావా కొట్టేయడమైనది.

వారం తిరక్కుండా గేటు లేచింది, తాళం పడింది. మొదటి సోమవారం చర్చి కుర్రాళ్ళు ఆరుగురు వచ్చి ఎబినేజర్‌ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి బోదె దాటించారు. బుధవారం నలుగురు వచ్చారు. ఆ పై వారానికి వీరబాబు, ఇంకొకడు మిగిలారు. ఎవరి పనులు వాళ్ళకుంటాయి, జాలి ఎన్ని రోజులు తెల్లారగట్ల లేచి వస్తుంది? మొద్దు మీద వీరబాబు కాలు జారి, కుర్చీ ఒక పక్కకి ఒరిగి, ఎబినేజర్ నీళ్ళ వంక చూస్తూ కేక కూడా వేయలేకపోయిన రోజున, సలోమి డాబా మెట్లెక్కింది.

"అయ్యో, మీరు అడిగితే నేనెప్పుడు కాదన్నానండీ?" అన్నాడు ప్రేమ్ కుమార్, శాంతి చేత టీ తెప్పించి. "కోర్టంటూ మీరే దూరం చేసుకున్నారు గానీ. వారానికి మూడు రోజులూ నేనే స్వయంగా తీస్తానండి. చిన్న కాగితం రాసుకుందాం, అంతేనండి."

కాగితం అప్పటికే రాసి ఉంది. శ్రీ ప్రేమ్ కుమార్‌గారి దయాదాక్షిణ్యాల వల్ల మాత్రమే ఈ సందు వాడుకుంటున్నానని, వారు వద్దన్న రోజున మానుకుంటానని, గేటుకి గాని తాళానికి గాని హాని చేస్తే ఈ అనుమతి రద్దవుతుందని, తీర్పు మీద అప్పీలు చేయనని. అందులో రెండు అక్షరదోషాలున్నాయి. సలోమి దిద్దలేదు. అప్పీలు తేలడానికి అయిదారేళ్ళు పడుతుందని సత్యానందం ముందే చెప్పాడు. డయాలసిస్ మానేస్తే ఎన్నాళ్ళో డాక్టరు చెప్పాడు. సంతకం పెట్టింది.

ఇంటికొచ్చి చెబితే ఎబినేజర్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "ఊరందర్నీ అడుగుతావు. నన్ను అడిగేవా?" అన్నాడు.

అయిదు నెలలు గేటు తెరుచుకుంది. మాట తప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. సలోమి గేటు అవతల నిలబడి అడిగేది. ఆయన ఒకోసారి పది నిమిషాలకి, ఒకోసారి పళ్ళు తోముకుని టిఫిను చేసి వచ్చేవాడు. ఆటోలోకి ఎక్కబోయే మనిషిని పలకరించేవాడు. "బావగారూ, బాగుందాండీ ఒంట్లో?" ఎబినేజర్ పైకి చూసేవాడు కాదు.

అక్టోబరులో ముసురు పట్టిన వారం, శుక్రవారం పొద్దున్న ఎంత పిలిచినా డాబాలోంచి ఎవరూ రాలేదు. ఫోన్ చేసింది.

"అయ్యయ్యో, చెల్లెమ్మగారూ! మా శాంతి తమ్ముడి కొడుకు నిశ్చితార్థమని కాకినాడ వచ్చేమండి. తాళంచెవి నా జేబులోనే ఉండిపోయిందండి. ఆదివారం మధ్యాహ్నానికి వచ్చేస్తామండి."

"ఆయన అంతవరకూ ఆగలేరండి అన్నయ్యగారూ. తాళం పగలగొట్టించమంటారా? కొత్తది నేను కొనిపెడతానండి."

కాసేపు అవతల నుంచి నవ్వులూ పాటలూ వినిపించాయి. "వద్దండి. కాగితం ఉంది కదండీ మన మధ్య. ఒక్క రెండు రోజులు ఓర్చుకోండి, దేవుడున్నాడు."

బోదె గట్లు పొర్లుతోంది. కొబ్బరి మొద్దు మీద నుంచి నీళ్ళు పోతున్నాయి. వీరబాబు ఆటో సీటు కింద నుంచి ఇనప రాడ్డు తీశాడు.

"ఒక్క దెబ్బండి మేడమ్‌గారూ. ఊఁ అనండి చాలు."

సలోమి తాళం వంక చూసింది. ఇవాళ పగలగొడితే ఇవాళ్టి డయాలసిస్ అవుతుంది. సోమవారం నుంచి గేటు ఇంకెప్పటికీ తెరుచుకోదు. రెండు రోజులు తాగే నీళ్ళు బాగా తగ్గించి ఇస్తే, గతంలో ఒకసారి గడిచినట్టే గడుస్తుందేమో. ఎటు లెక్క వేసినా మనిషిని బతికించుకోవడానికే వేసింది. "వద్దు వీరబాబూ," అంది.

శనివారం గడిచింది. ఆదివారం తెల్లారుతుండగా ఎబినేజర్ గొంతులో గురక మొదలైంది. సలోమి ఫోన్ చేసి, పగలగొట్టెయ్యి అని అరిచింది. వీరబాబు రాడ్డు పట్టుకుని వచ్చేసరికి పగలగొట్టాల్సిన పని లేకపోయింది.

సోమవారం సమాధి. ప్రేమ్ కుమార్ పొద్దున్నే గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు. సందు కడిగించాడు, వచ్చేవాళ్ళకి కుర్చీలు వేయించాడు. ఎంత మంచి మనిషండీ అని అంతా అనుకున్నారు. పదింటికి తెల్ల చొక్కా వేసుకుని, పూలదండతో వచ్చి సలోమి గుమ్మం ముందు ఆగాడు.

"చెల్లెమ్మగారూ, లోపలికి వచ్చి బావగారిని ఒక్కసారి చూసుకోవచ్చాండీ?"

సలోమి శవపేటిక పక్క నుంచి లేచి గుమ్మంలోకి వచ్చింది.

"రాసిస్తారాండీ?"

"ఏంటండీ?"

"నా దయాదాక్షిణ్యాల వల్ల మాత్రమే లోపలికి వస్తున్నానని. నేను వద్దన్నప్పుడు వెళ్ళిపోతానని. రాసి సంతకం పెట్టివ్వండి, అప్పుడు రండి."

పాట పాడుతున్నవాళ్ళు ఆపేశారు. ప్రేమ్ కుమార్ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది గానీ, చెవులు ఎర్రబడ్డాయి. దండ మెట్టు మీద పెట్టాడు. "ఆయ్, అలాగేనండి," అన్నాడు. వెనక్కి నడిచి వెళ్ళి, గేటు రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి దగ్గరికి లాగాడు. తాళం వేశాడు.

పాస్టరుగారు పరుగున వెళ్ళి మాట్లాడి, చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చారు.

"ఆయనేం కాదనట్లేదమ్మా. మీరు అడిగితే ఇప్పుడే తీస్తానంటున్నారు. ఒక్క మాటమ్మా."

"అడగను."

"పెట్టె వెళ్ళాలి కదమ్మా."

"అడగనండి."

నిన్నటి నుంచి ఆవిడ మీద జాలి పడినవాళ్ళే గుసగుసలు మొదలుపెట్టారు. శవాన్ని పెట్టుకుని ఇదేం మొండితనమన్నారు. చూడ్డానికొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి ఆ మాటనడం ఏం మర్యాదన్నారు. పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి కూడానూ, అని ఎవరో అన్నారు. సలోమికి అన్నీ వినిపించాయి. ముప్పై ఒక్క ఏళ్ళు కూడబెట్టుకున్న పేరు ఆ వాకిట్లోనే పోయింది. ఆవిడ చూస్తూ ఊరుకుంది.

పన్నెండింటికి వీరబాబు చొక్కా విప్పి బోదెలోకి దిగాడు. నడుము దాటి ఉన్నాయి నీళ్ళు. అతని వెనక ఇంకో ఏడుగురు దిగారు, వాళ్ళలో నలుగురు గొణుక్కుంటూనే దిగారు. మొద్దు మీద పెట్టె నిలవదు గనక చేతుల మీదే పట్టుకోవాల్సొచ్చింది. జడ్జిగారు రాసింది నిజమే, అటు దారి ఉంది. బురదలో ఒకడి కాలు దిగబడి పెట్టె ఒరిగింది. తల వైపు మూల నీళ్ళలో మునిగి తేలింది. గట్టు మీదున్న ఆడవాళ్ళు బావురుమన్నారు. డాబా మీద నుంచి ప్రేమ్ కుమార్ చేతులు కట్టుకుని, తల వంచుకుని చూస్తున్నాడు.

పెట్టె అవతలి గట్టు చేరాక సలోమి నీళ్ళలోకి దిగింది. చెయ్యందించబోయిన వీరబాబుని వద్దంది. మధ్యలోకి వెళ్ళాక, ఆ శుక్రవారం నేనే వద్దన్నాను అని పైకే అంది. నీళ్ళ హోరులో అది ఎవరికీ వినపడలేదు. గట్టెక్కి, తడిచీరతో పెట్టె వెనక సమాధుల తోట దాకా నడిచింది.